బంతి ఎగరని చోటు

మ్యాచ్ ఉన్ననాడు పొద్దుగాల
కోర్టుకు సున్నం గీతలు కొట్టేది నేనే.
జాడి ఓదెలు పోయిండన్న ముచ్చట
ఖని మొత్తంల నాకే ఆఖరుకు తెలిసింది.
వంగి గీత కొట్టేటోనికి ఎవరు చెప్తరు?

కొత్తగూడెం పోయిండు.
ఢిల్లీకో మద్రాసుకో పోతే
కాలర్ ఎగరేసి చెప్పుకునేటోళ్లం.
ఫైనల్ల మమ్ముల అయిదుసార్లు ఓడగొట్టిన
కొత్తగూడెం.

మొదటిరోజు ఎవరూ నమ్మలే.
రెండోరోజు షిఫ్టు దిగినోళ్లు
క్యాంటీన్ల ఛాయ్ చల్లారబెట్టుకుంట
వాని తప్పులన్నీ తవ్వి తీసిండ్రు.
ఎడమచెయ్యి అసలు పనిజెయ్యదట.
ఆ యేడు సెమీస్‌ల కావాలనే వదిలేసిండట.
(ఆ యేడు మడిమ వాచి ఉండె.
బూటు లేసులు నేనే కోసి తీసిన.)
మంగలి మొండయ్య
అద్దం పక్కన ఫొటోను గోడదిక్కు తిప్పిండు,
తీసెయ్యలే.
మేకు ఊడితే గోడ రాలుతదని చెప్పిండు.

టింబర్‌మన్ అంకూస్ ఒక్కడే అడిగిండు:
"మూడేండ్లు బదిలీ ఫిల్లర్‌గ బాయిల దిగిండు వాడు.
ఆడ ఆఫీసుల కుర్సీ ఇస్తమన్నరు.
మీ చప్పట్లు తట్టకెత్తుకొని అంగడికి పోతే
పావుకిల టమాటలన్న వస్తయా?"
ఎవరూ మాట్లాడలే.
ఆయనతోని కూడా నాలుగు దినాలు
ఎవరూ మాట్లాడలే.

పోరగాండ్లది ఇంకో తీరు కోపం.
వీపుల మీద బొగ్గుతోని తొమ్మిది రాసుకునేటోళ్లు,
తల్లులు తిట్టుకుంట రుద్ది కడిగేటోళ్లు.
ఇప్పుడు ఆ తొమ్మిదిని మోరీ గోడమీద రాసి
రాళ్లేస్తుండ్రు.
డోజర్ ఆపరేటర్ కొడుకు చింటు రాయి మాత్రం
ఎప్పుడూ అంకె పక్కకే పోతది.
గురి లేనోడేం కాదు.

ఏరియాల పోటీలకు వాళ్లు మా దగ్గరికే వచ్చిండ్రు.
వాని వీపు మీద పదిహేడు.
లోపల అడుగు పెట్టంగనే ఊళలు.
"అమ్ముడువోయినోడా!"
అండ్ల నా గొంతు కూడా ఉండె,
అబద్ధమెందుకు.

మా కోర్టుకు ఒక రోగమున్నది.
ఎడమపక్క, రింగుకు నాలుగడుగులు ఈవల,
కింద ఎన్నడో బొగ్గు తీసిన గుల్ల.
ఆడ బంతి కొడితే తడిబట్ట లెక్క పడ్తది, లేవది.
మా కొత్త పోరలు రెండుసార్లు ఆన్నే పోగొట్టుకున్నరు.
వాడు కిందికి చూడనన్న చూడలే,
ఆ జాగకు రాంగనే బంతి చెయ్యి మార్చిండు,
సొంతింటి పొట్టి దర్వాజ కాడ
తల వంచినట్టు.

ఆఖరి నిమిషం. ఇద్దరిదీ ఒక్కటే స్కోరు.
వానికి ఫ్రీ త్రో.
అప్పుడు ఓపెన్‌కాస్ట్ రెండో సైరన్ కూసింది.
రెండో కూతంటే ఇగ బ్లాస్టింగే,
మా బోర్డు వణుకుతది, రింగు పండ్లు కొరుకుతది.
రిఫరీ ఇచ్చేది అయిదు సెకన్లు.
వాడు బంతి పట్టుకొని నిలబడ్డడు.
"ఎయ్యరా!" వాళ్ల జట్టు మొత్తుకుంటున్నది.
ఊళ పెట్టేటోళ్లు ఎందుకో
నోళ్లు మూసిండ్రు.
ఒకటి. రెండు. మూడు.
భూమి కిందికెల్లి వచ్చేదానికి
అందరం ఎదురుచూస్తున్నం,
వానితోని.

ధన్.

బోర్డు వణికి నిలబడ్డది.
అప్పుడేసిండు.

ఒక్క పాయింటుతోని ఓడినం.
ఎవరో చప్పట్లు కొట్టిండ్రు, ఒక్కటే జత చేతులు.
ఎవరివన్న పంచాయితి క్యాంటీన్ల ఇంకా తెగలే.
సున్నం దుబ్బ లేచింది నేను చూసిన అని
చింటు చెప్పుకుంట తిరుగుతున్నడట.

ఆ గుల్ల మీద సిమెంటు పొయ్యమని
సూపర్‌వైజర్ బస్తా పంపిండు.
వానకాలం పోనియ్యుండ్రి సారూ, అన్న.
బస్తా నా గదిల ఉన్నది,
మూతి విప్పలే.